అన్న ఆట, రెండో భాగం

క్యాసెట్ మీది అక్షరాలు ఏ దేశానివో లింగస్వామికి తెలియదు. తెలుగు కాదు, ఉర్దూ కాదు, ఇంగ్లీషు అసలే కాదు. తడి నేల మీద పిట్టలు నడిచిపోయినట్టుగా ఉన్నాయి. మొదటి క్యాసెట్ మీదా అవే ఉండేవి. ఈసారి వాటి చివర రెండు అంకె ఉంది. అదొక్కటే చదవగలిగాడు.

"అదే ఆట, రెండో భాగం. కోఠిల దుకాణం దుకాణం తిరిగి పట్టుకొచ్చిన భాయ్," అన్నాడు నూరుద్దీన్, చెమట తుడుచుకుంటూ. పక్క మడిగెలో రేడియోలు, టీవీలు బాగుచేసే మనిషి. లింగస్వామి కొట్టులో రెండు టీవీలూ, వాటికి తగిలించే ఆట పెట్టెలూ నిలబెట్టింది అతనే.

లింగస్వామిది అచ్చంపేట బస్టాండు వెనక మైక్ సెట్ల కొట్టు. పెళ్లిళ్లకు, భజనలకు మైకులు కిరాయికిచ్చేవాడు. పెళ్లిళ్ల కాలం దాటితే పని ఉండేది కాదు. అందుకని కిందటేడు ముందు గదిలో వీడియో గేములు పెట్టాడు. పిల్లలతో పాటు, మిషన్ కుట్టే ఖమర్ లాంటి పెళ్లీడు కుర్రాళ్లూ వచ్చేవారు. అందరికన్నా బాగా ఆడేవాడు ఖమరే.

కిందటి ఎండాకాలంలో మొదటి క్యాసెట్ వచ్చినప్పుడు తెరమీద ఒక కుర్రాడు కనిపించాడు. తలకు నీలం పాగా, చేతిలో కత్తి. నల్లటి రాక్షసుడొకడు బంగారు జుట్టున్న పిల్లను ఎత్తుకుపోతాడు. కుర్రాడు అడవిలోకి పరుగెత్తుతాడు. ఎవరు, ఎందుకు అన్నది తెరమీద రాసే ఉంది కానీ చదివే దిక్కు లేదు.

"కాకా, ఆమె ఎవరు ఆయనకు?" అని అడిగాడు ఖమర్ ఆ రోజు.

లింగస్వామి ఒక్క క్షణం ఆలోచించాడు. గది నిండా పిల్లలు. గుమ్మం పక్కన పల్లీల గంప పెట్టుకుని గోపమ్మ లోపలికి తొంగిచూస్తోంది. శనివారం భజనలో ముందుండి పాడే మనిషి, పెళ్లాం పిల్లలున్నవాడు, నలుగురిలో ప్రియురాలన్న మాట ఎట్లా అంటాడు? నోరు రాలేదు.

"ఆయన చెల్లె," అన్నాడు.

ఆ ఒక్క మాట మీద కథంతా మొలిచింది. కుర్రాడికి నీలయ్య అని పేరు పెట్టాడు, పిల్లకు బంగారి అని. అమ్మానాయినలు లేని ఇంట్లో చెల్లెను చేతుల మీద పెంచిన అన్న. ఖమర్ ఆడుతుంటే లింగస్వామి పక్కన నిలబడి, మైకు పట్టుకున్న అలవాటు కొద్దీ, ఒక్కో మెట్టూ చెప్పుకుంటూ పోయేవాడు. అడవిని నల్లమల అన్నాడు. వాగును దిండి అన్నాడు. ఆడేవాళ్లకన్నా వినేవాళ్లు ఎక్కువయ్యారు. బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లు కూడా వచ్చి గడప దగ్గర కూర్చున్నారు. ఊళ్లో దాని పేరు 'అన్న ఆట' అయిపోయింది.

గోపమ్మ ఎన్నడూ రిమోట్ ముట్టలేదు. కానీ ఏ ఆట నిలుస్తుందో, ఏది పోతుందో ఆమె నోటిలోనే ఉండేది. కార్ల ఆట పెట్టినప్పుడు కాసేపు చూసి, "యాడికి పోతున్నడో చెప్పకుండ ఎంత దూరమని ఉరుకుతడు?" అంది. ఆ మర్నాటి నుంచి ఆ క్యాసెట్ అడిగిన వాడు లేడు. తుపాకుల ఆటను చూసి, "చచ్చినోని మొఖం గూడ చూపియ్యరు, గిదేం కొట్లాట," అంది. అదీ పోయింది.

అన్న ఆటకు మాత్రం ఆమె వంక పెట్టలేదు. చివరి రాక్షసుడు చచ్చి, బంగారి పరుగెత్తుకొచ్చి నీలయ్య పక్కన నిలబడ్డ రోజున కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ దసరాకు అమ్రాబాదు దిక్కున ఉన్న అన్న ఇంటికి పోయింది. పర్వతాలు ఆయన పేరు. బాయికాడి చేను దగ్గర తగువై, ఏండ్ల తరబడి మాటలు లేని అన్న. పోయి వచ్చాక లింగస్వామి చేతిలో దోసెడు పల్లీలు పోసి, "నీ ఆటనే నన్ను పంపింది తమ్మీ," అంది.

ఆ మాటకు అతను ఆ రోజు పొంగిపోయాడు.

ఇప్పుడు మధ్యాహ్నం, షట్టర్ సగం దించి, ఇద్దరూ రెండో క్యాసెట్ పెట్టి చూశారు. నూరుద్దీన్ రిమోట్ చేతిలోకి తీసుకోలేదు. ఏ బటనూ నొక్కకపోవడంతో ఆట మొదలుకాలేదు. దానికదే ఒక బొమ్మ వచ్చింది. గుట్ట, గుట్టమీద చందమామ, చందమామ కింద నీలయ్య, బంగారి. మెత్తటి సంగీతం. నీలయ్య ఆమె వేలికి ఉంగరం తొడిగాడు. ఆమె కండ్లు మూసుకుంది. అతను వంగాడు.

"శివ శివా!" అని లింగస్వామి లేచి నిలబడ్డాడు. "బంద్ చెయ్యి! నూరు భాయ్, బంద్ చెయ్యి!"

నూరుద్దీన్ కడుపు పట్టుకుని నవ్వాడు. "నేనేం జేసిన? చెల్లె అన్నది నువ్వే. నన్నడిగితే ఆ దినమే చెప్తుంటి."

"నవ్వకు. ఇది చూస్తే ఊర్ల నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"ఫికర్ చెయ్యకు." నూరుద్దీన్ బటన్ నొక్కాడు. చందమామ పోయి నేరుగా ఆట మొదలైంది. మళ్లీ ఆపి, మళ్లీ పెట్టాడు. నొక్కితే బొమ్మ రాదు. నొక్కకుండా వదిలేస్తేనే వస్తుంది. "పెట్టంగనే నొక్కు. ఎవ్వనికి కనపడదు. ఖతం."

ఆ మాటతో కుదుటపడాలనుకున్నాడు కానీ పడలేదు. వాపసు ఇచ్చేద్దామా అని క్యాసెట్ సంచిలో పెడుతుండగానే షట్టర్ కింద నుంచి గోపమ్మ తల దూర్చింది.

"తమ్మీ, రెండోదొచ్చిందట గద! అప్పుడే బస్టాండంత చెప్పుకుంటున్నరు. నేను మా అన్నకు కబురు గూడ పెట్టిన. ఐతారం అంగడికొస్తడు, ఆట చూపిస్త."

"మీ అన్ననా?" లింగస్వామి సంచి వెనక్కి పెట్టాడు. "ఆయనకెందుకక్కా గీ పోరగాండ్ల ఆట?"

"ఎందుకేంది? దసరాకు నేను పోతే ఏమన్నడు? 'టీవీల బొమ్మను చూసి ఏడ్చి వచ్చినవా పిచ్చిదానా' అన్నడు. నవ్విండు. తిండి పెట్టిండు. చేను ముచ్చట నేనెత్తలే, ఆయనెత్తలే. ఎత్తితే మళ్ల పాత పంచాయితే." ఆమె గొంతు తగ్గించింది. "తగువైనంక మొదటిసారి నా ఇంటికొస్తున్నడు తమ్మీ. నేను చెప్పిన, వచ్చి చూడు, నువ్వు గూడ ఏడుస్తవు అని."

పర్వతాలు సంగతి లింగస్వామికి తెలియనిది కాదు. మైకు పెట్టిన ఒక పెళ్లిలో చూశాడు. రెండో బంతిలో కూర్చోమన్నారని, వేసిన విస్తరి ముందు నుంచి లేచి ఎడ్లబండి కట్టించుకుని పోయిన మనిషి. అట్లాంటివాణ్ణి తీసుకొచ్చి, అన్నాచెల్లెళ్ల కథ అని కూర్చోబెట్టి, చందమామ కింద ఆ బొమ్మ చూపిస్తే? 'గీ సిగ్గులేని బొమ్మను చూసా నువ్వు నా గడప తొక్కినవ్' అంటాడు. మళ్లీ తిరిగి చూడడు. ఆమెకు ఉన్నది ఆ ఒక్క అన్న.

సోమవారం ఉమామహేశ్వరం గుడికి పోయాడు. ప్రతి సోమవారం పోయేవాడే. గుట్ట మీద నీళ్లు కారే చోట చేతులు కడుక్కుని లోపల నిలబడితే, ఏమని మొక్కాలో తోచలేదు. ఆడిన అబద్ధం నిలబెట్టమని దేవుణ్ణి అడగవచ్చునా? అసలది అబద్ధమేనా? ఆ రాతలు తెలియనప్పుడు, ఆమె చెల్లె కాదని తనకైనా ఏం తెలుసు ఆ రోజు? ఆ తెలియకపోవడాన్ని అడ్డం పెట్టుకుని అన్ని నెలలు కథ చెప్పింది మాత్రం తానే. మంచి మాట కదా అనుకున్నాడు. మంచి మాటైతే తెలియకపోయినా చెప్పొచ్చునా? పూజారి తీర్థం తెస్తే చెయ్యి చాచడం మరిచాడు.

ఆదివారం వచ్చింది. అంగడి జనంతో బస్టాండు కిటకిటలాడుతోంది. కొట్టు లోపల కాలు పెట్టే జాగా లేదు. బొమ్మ తేటగా కనపడాలని షట్టర్ సగం దించారు. ఖమర్ ముందు చాప మీద రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు. వెనక స్టూలు మీద పర్వతాలు. తెల్లటి రుమాలు తలకు చుట్టుకున్న పెద్దమనిషి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తగువుకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. గోపమ్మ అతని పక్కన నేల మీద.

"బటన్ నొక్కు," అన్నాడు లింగస్వామి, పెట్టె స్విచ్ వెయ్యకముందే.

"ఇంకా రానే లేదు కాకా."

"వస్తది. నొక్కు. నొక్కుతనే ఉండు."

ఆట మొదలైంది. చందమామ రాలేదు. లింగస్వామి ఊపిరి వదిలి కథ ఎత్తుకున్నాడు. బంగారిని మళ్లీ ఎత్తుకుపోయారు, అన్న మళ్లీ బయల్దేరాడు. నోరు చెబుతూనే ఉంది కానీ కండ్లు కరెంటు బల్బు మీదే ఉన్నాయి. ఎండాకాలం. కరెంటు ఎప్పుడు పోయేదీ ఎవరికీ తెలియదు. పోయి వస్తే పెట్టె మళ్లీ మొదటి నుంచి, ఆ బొమ్మ నుంచి మొదలవుతుంది. పోగానే పెట్టె స్విచ్ తీసెయ్యాలి. ఆ సంగతి నూరుద్దీన్‌తో పదిసార్లు చూసుకున్నాడు.

కాసేపటికి గదిలో గొణుగుడు మొదలైంది.

"గిదేంది, నీలయ్య నడుస్తనే ఉన్నడు. దుంకడేంది?"

"పాత కత్తి యాడవోయింది? గిది కట్టె లెక్కున్నది."

"గీ తెల్లగున్నదేంది? సున్నమా?"

"మంచు రా. మంచు కొండలు."

"నల్లమల్ల మంచు యాడికెళ్లొచ్చింది?" అన్నాడొకడు. అందరూ లింగస్వామి వైపు చూశారు.

"నల్లమల దాటి చాన దూరం పోయిండు," అన్నాడతను. మాట అతుకులేసినట్టు వచ్చింది. అతనికే తెలిసింది.

గోపమ్మ తెరవైపు చూస్తూ దవడ బిగించింది. ఆమె మొహంలో ఆ బిగింపు లింగస్వామి కార్ల ఆట నాడు చూశాడు. పర్వతాలు ఒకసారి ఆవలించాడు. "ఏడుపు ఎప్పుడొస్తది చెల్లె?" అన్నాడు. కుర్రాళ్లు కిసకిస నవ్వారు. గోపమ్మ నవ్వలేదు.

అప్పుడు కరెంటు పోయింది.

అందరూ ఒక్కసారి 'ఓ' అని అరిచారు. గాలికోసం కొందరు షట్టర్ కిందుగా బయటికి దూరారు. లింగస్వామి పెట్టె వైపు అడుగు వేశాడు. ఎవరో అతని మణికట్టు పట్టుకున్నారు. పర్వతాలు.

"నువ్వేనా లింగస్వామంటే?"

"అవును పెద్దన్నా. జర ఒక్క నిమిషం, గా స్విచ్చు..."

"ఉండు. స్విచ్చు యాడికి పోతది." పట్టు ఇనుప కడియంలా ఉంది. "మా చెల్లె దసరాకొచ్చి నా మొగసాల నిలవడి ఏం చెప్పిందో ఎర్కేనా? నీలయ్య అట, ఏడు అడవులు దాటిండట, చెల్లె కోసం. నువ్వు నాలుగు కోసులు రాలేవా అన్నది. నాకు కోపమొచ్చింది. ఎవ్వడు గా నీలయ్య, నా ఇంట్ల నాకు లెక్కచెప్పెటోడు అని. గందుకే వచ్చిన. ఆయన్ను చూసిపోదామని."

"పెద్దన్నా, గా స్విచ్చు తీసెయ్యకుంటే..."

బల్బు వెలిగింది. టీవీ పాతది, ముందు శబ్దం వస్తుంది, బొమ్మ తర్వాత. మెత్తటి సంగీతం గదంతా పరుచుకుంది. లింగస్వామి చెయ్యి గుంజుకోబోయాడు, రాలేదు.

"ఖమర్, నొక్కు రా! బటన్ నొక్కు!"

"ఆగు కాకా, గిదేదో కొత్తది వస్తున్నది. చూద్దాం." ఖమర్ రిమోట్ ఒళ్లో పెట్టుకున్నాడు.

చందమామ తేలింది. గుట్ట. ఇద్దరు. ఉంగరం. ఆమె కండ్లు మూసుకుంది. అతను వంగాడు. ఈసారి ఎవ్వరూ ఆపలేదు. బొమ్మ పూర్తిగా నడిచింది. వెనక నుంచి ఒకడు ఈల వేసి, వేసినందుకు తానే భయపడి ఊరుకున్నాడు.

లింగస్వామి గోపమ్మ వైపు చూడలేకపోయాడు. మణికట్టు మీద వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

"ఎవరామె?" అన్నాడు పర్వతాలు నిదానంగా. "నువ్వు చెప్పు. ఆయనకు ఏమైతది?"

లింగస్వామి నోరు తెరిచాడు. మాట రాకముందే గోపమ్మ లేచి నిలబడింది.

"ఆయన్నేమడుగుతవన్నా? చూసినదాన్ని నేను లేనా?" ఆమె తెరవైపు చెయ్యి చాచింది. "గీ రెండోది చేసినోనికి కథ తెల్వది. మొదటిది ఎట్లున్నదో చూడకుండనే చేసిండు. చూసినోడైతే కత్తి కట్టె చేస్తడా? నల్లమల్ల మంచు పోస్తడా? గిప్పుడు గిదొకటి, చెల్లెకు ఉంగరం. మనిషన్నోడు చేసే పనేనా?"

"డూప్లికేట్ అవ్వా," అన్నాడు ఖమర్ వెంటనే. "కోఠిల అంత డూప్లికేట్ మాలే. నూరు చిచ్చాను మోసం చేసిండ్రు."

గుమ్మం దగ్గర నిలబడ్డ నూరుద్దీన్ లింగస్వామి కండ్లలోకి చూశాడు. తర్వాత నేల చూశాడు. "కావొచ్చు," అన్నాడు.

గదంతా ఒక్కసారి మాటలైంది. డూప్లికేటే, మొదట్నుంచి అనుమానమే, నడక చూస్తేనే తెలిసింది, నీలయ్య గట్ల నడవడు. లింగస్వామి వింటూ నిలబడ్డాడు. తాను బతికిపోయాడు. అయినా గుండె బరువు దిగలేదు. ఎక్కడో సముద్రాలవతల ఎవరో కూర్చుని చేసిన బొమ్మ. వాళ్ల కథలో వాళ్ల పిల్లకు వాళ్లు ఉంగరం తొడిగారు. అందులో తప్పేముంది? తన మాటకు వాళ్లు మాటపడుతున్నారు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెబితే ఈమె ఏమవుతుంది?

"రెండోది తీసెయ్యి తమ్మీ," అంది గోపమ్మ. "మొదటిది పెట్టు. మా అన్న అది చూడలే."

పర్వతాలు చెయ్యి వదిలాడు. లింగస్వామి క్యాసెట్ మార్చాడు. పాత సంగీతం రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఖమర్ నడుము సర్దుకుని ముందుకు వంగాడు.

"చెప్పు కాకా."

"ఒక ఊరు," అన్నాడు లింగస్వామి. "అడవికి ఇవతల. ఆ ఊర్ల నీలయ్య అని ఒకడు. ఆయనకు..."

ఆగిపోయాడు. అన్నిసార్లు చెప్పిన మాట, ఇప్పుడు తెలిసి చెప్పాలి. గదంతా ఎదురుచూస్తోంది. పర్వతాలు చూస్తున్నాడు.

"ఆయనకు ఒక చెల్లె," అంది గోపమ్మ.

ఆమె మళ్లీ నేల మీద కూర్చుంది. ఎవరి వైపూ చూడకుండా, తెరవైపే చూస్తూ చెప్పసాగింది.

"చిన్నప్పుడు ఎత్తుకొని తిరిగిండు. జొన్న చేన్ల మంచె మీద పండవెట్టి పిట్టల్ని కొట్టిండు. కాలుకు ముల్లిరిగితే పిన్నీసుతోని తీసిండు. నొప్పి ఆమెకు, ఏడుపు ఆయనకు."

ఈ ముల్లు లింగస్వామి చెప్పిన కథలో లేదు. అతను గోడకు ఆనుకున్నాడు.

"పెద్దగైనంక నాయిన పోయిండు. బాయికాడి చేను చెరి సగమని నాయిన నోటితోని చెప్పిండు. అన్న ఇయ్యలే."

ఖమర్ వెనక్కి తిరిగాడు. "అవ్వా, ఆటల చేను లేదు గద?"

"నువ్వు ఆడు. నేను చెప్తున్న."

గదిలో పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పర్వతాలు లేచాడు. రుమాలు విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. లింగస్వామి గోడ వదిలి నిలబడ్డాడు. పోతున్నాడు. బొమ్మ చేయలేని పని ఈమె చేసింది. ఆపుదామని అడుగు వేశాడు కానీ ఏమని ఆపాలి? పర్వతాలు జనాన్ని తప్పించుకుంటూ షట్టర్ దాకా పోయాడు. గోపమ్మ తల తిప్పలేదు. కథ మాత్రం ఆపలేదు.

"ఏండ్లకేండ్లు మాట్లాడలే. చెల్లె బిడ్డ పెండ్లికి గూడ రాలే."

"సగం చేను వాగు కోసుకపోయింది." పర్వతాలు షట్టర్ దగ్గర నిలబడి, బయటికి చూస్తూ అన్నాడు. "పెద్ద వానలప్పుడు. నీ దిక్కు సగమే పోయింది. అది గూడ చెప్పు."

గోపమ్మ వెనక్కి తిరిగింది. "నాకెవరు చెప్పిండ్రు?"

"నువ్వడిగినవా?"

"నువ్వు చెప్పినవా?"

తెరమీద నీలయ్య ఒక్కడే అడవిలో పరుగెత్తుతున్నాడు. గోపమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత మళ్లీ తెరవైపే చూస్తూ, అంతకుముందు చెప్పిన గొంతుతోనే చెప్పింది.

"సగం చేను వాగు కోసుకపోయిందట. చెల్లెకిచ్చేది ఇసుకనాయె. అన్నకు ఆ ముచ్చట చెప్పనీకి మొఖం చెల్లలే."

పర్వతాలు షట్టర్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బయట అంగడిలో ఎవరో ఉల్లిగడ్డలమ్ముతూ అరుస్తున్నారు. లింగస్వామి లోపల్లోపల శివనామం అనుకుంటున్నాడు. ఏం కోరుతున్నాడో అతనికే తెలియడం లేదు. పెద్దాయన తిరిగి వచ్చి, స్టూలు గోపమ్మ పక్కకు జరుపుకుని, కూర్చున్నాడు.

"తర్వాత?" అన్నాడు.

ఆ ఇద్దర్నీ నోరు తెరుచుకుని చూస్తున్న ఖమర్ తెర సంగతే మరిచాడు. నీలయ్య పోయి పోయి గుంతలో పడి చచ్చాడు. గదంతా గొల్లుమంది.

"ముందర చూడు రా బేవకూఫ్!" అని గద్దించాడు పర్వతాలు. "ఆమె ఇంకా అడవిలనే ఉన్నది!"